దిద్దించే చేయి

నా భర్త మనీష్ పోయిన రోజు నేను భంజనగర్‌లో ఉన్నాను. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు అక్కడ శిక్షణ తరగతులు పెట్టారు. మధ్యాహ్నం భోజనాలకు లేస్తున్న వేళ సస్మిత ఫోన్ చేసింది. సస్మిత మా పక్కవాటాలో ఉండే ఒడియా అమ్మాయి. నాతో ఎప్పుడూ ఒడియాలోనే మాట్లాడే మనిషి, ఆ రోజు తెలుగు వెతుక్కుని, "రండి దీదీ, రండి" అంది. ఆ మాటతోనే నాకు సగం తెలిసిపోయింది.

అస్కా మీదుగా మా ఊరు బరంపురం వచ్చే బస్సు ఎక్కాను. దారిలో ఎవరో ఒకావిడ ఎక్కి, తన కూరగాయల బుట్ట నా ఒళ్లోకి జరిపి, కాస్త పట్టుకోమంది. పట్టుకున్నాను. ఊరొచ్చేదాకా పట్టుకునే ఉన్నాను. బుట్టలో వంకాయలున్నాయని ఇప్పటికీ గుర్తుంది. ఆ బస్సులో దేవుణ్ణి ఏమని వేడుకున్నానో మాత్రం గుర్తు లేదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మా అత్తయ్య భారతీదేవి కూర్చుని ఉంది. చేతిలో చిన్న సీసా. ప్రార్థన చేసి రోగి నుదుట రాసే నూనె అది. నన్ను చూసి ఆమె లేవలేదు. "పడుకున్నాడమ్మా" అంది. లోపల డాక్టరు నన్ను కూర్చోబెట్టి, గుండెపోటు అని చెప్పాడు. నొప్పి మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే ప్రయత్నించడానికి వీలుండేదన్నాడు. ఎవరి మీదా తప్పు మోపే గొంతు కాదు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటే అయివుంటుంది.

ఏం జరిగిందో భూస్థాపన అయిన తరువాత సస్మితే చెప్పింది. తన ఇంటి తాళంచెవి మా ఇంట్లో ఇచ్చి వెళ్లింది. అది తీసుకోవడానికి వస్తే, మనీష్ మంచం మీద చెమటలు కక్కుతూ ఉన్నాడు. అత్తయ్య మంచం పక్కన మోకాళ్ల మీద ఉంది. పొద్దున్నించీ అలాగే ఉన్నారని అర్థం చేసుకుని, సస్మిత వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది. ఆటో లంజిపల్లి కూడలి దాటకముందే మనీష్ మాట్లాడటం మానేశాడట.

మా సంఘం గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఉపవాసం ఉండి ప్రార్థించడం, నూనె రాయడం మాకు కొత్త కాదు. అయితే మందు వద్దనీ, ఆసుపత్రి వద్దనీ మా పాస్టరుగారు ఏనాడూ చెప్పలేదు. ఆయన భార్య నర్సు ఉద్యోగం చేస్తుంది. కాని అత్తయ్యకు తనదంటూ ఒక నమ్మకం ఉండేది. ప్రార్థనలో కూర్చున్నాక జవాబు రాకముందే లేస్తే అది అపనమ్మకం అని.

ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆమే చెప్పింది. వాళ్లు అప్పట్లో రంభలో ఉండేవారు. మనీష్ ఇంకా బడికి వెళ్లని పిల్లవాడు. విషజ్వరం. అక్కడి డాక్టరు బరంపురం తీసుకెళ్లమన్నాడు. బయట తుపాను, రోడ్డు మీదికి చిలికా సరస్సు నీళ్లు వచ్చేశాయి, బస్సులు లేవు. అప్పటికి వాళ్లింట్లో క్రైస్తవులెవరూ లేరు. పక్కింటి క్రైస్తవురాలు వచ్చి ప్రార్థించమంటే, ఎలా చేయాలో కూడా తెలియకుండా అత్తయ్య మోకాళ్ల మీద కూలబడింది. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆ తరువాతే వాళ్ల కుటుంబం బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజు మోకాళ్ల మీద ఉండటం తప్ప ఆమెకు మరో దారి లేదు. ఈసారి దారి ఉంది. ఆ తేడా ఆమెకు కనిపించలేదు.

ఇవన్నీ నేను అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకోవడం వల్ల నా కోపం తగ్గలేదు.

నేను అత్తయ్యను ఒక్క మాట అనలేదు. ఆదరణ కూడికకు వచ్చినవాళ్లంతా నా ఓర్పును మెచ్చుకున్నారు. వేరే కోడలైతే జుట్టు పట్టుకుని వీధిలోకి లాగేదని ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని అంది. నేను తల వంచుకున్నాను. అది ఓర్పు కాదని నాకొక్కదానికే తెలుసు. నేను ఆమెకు అన్నం పెట్టేదాన్ని, కాని ఆమె తినే వేళ వంటింట్లో పనేదో కల్పించుకునేదాన్ని. రక్తపోటు మాత్ర గ్లాసు పక్కన పెట్టేదాన్ని, చేతిలో పెట్టేదాన్ని కాదు. ఏమైనా అడిగితే అడిగినంతవరకే చెప్పేదాన్ని. కేకలు వేసి ఉంటే ఆమె తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. నేను ఆ వీలు ఇవ్వలేదు.

ఒక్క ఊహ మాత్రం నన్ను నిలబెట్టింది. మనీష్ తల్లి మాట మీద నమ్మకం ఉన్నవాడు. ఆసుపత్రి కంటే ప్రార్థనే కావాలని అతనే అనుకుని ఉంటాడు, తన ఇష్టంతోనే ఆ మంచం మీద ఉండిపోయి ఉంటాడు అనుకునేదాన్ని. అలా అనుకుంటే ఆమెతో ఒకే ఇంట్లో ఉండటం సాధ్యమయ్యేది.

మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. మనీష్ శ్రుతి లేకుండా ఒక పాట పాడేవాడు. నేను వాక్యం చదివేదాన్ని. చివర అత్తయ్య ప్రార్థించేది. ఆమె ప్రార్థన చాలా పొడుగు. మా వీధిలో మొదలుపెట్టి, సంఘంలో ప్రతి ఇల్లూ తిరిగి, రంభ దాకా వెళ్లి వచ్చేది. "అమ్మ ప్యాసింజర్ బండి. ఏ స్టేషనూ ఒదలదు" అని మనీష్ నవ్వేవాడు. అతను స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. అన్నం చల్లారిపోయిందని నేను విసుక్కునేదాన్ని.

అతను పోయాక అత్తయ్య పైకి ప్రార్థించడం మానేసింది. నేను వాక్యం చదివి, నాలుగు ముక్కల్లో ప్రార్థన ముగిస్తే, ఆమె తలమీద కొంగు కప్పుకుని గోడకేసి చూస్తూ ఉండేది. ఆమె నోరు మూసుకుపోవడం చూసి నాకు జాలి కలగలేదు. ఆ సంగతి కూడా దేవునితో చెప్పాను. "నా మనసులో ఉన్నది నాకు ఇష్టం లేదు ప్రభువా, నువ్వే తీసెయ్యి" అని ప్రతిరోజూ అడిగాను. అడిగి, ఎదురు చూశాను. ఒకనాడు లేచేసరికి మనసు తేలికై ఉంటుందనీ, అప్పుడు అత్తయ్య దగ్గరికి వెళ్లి కూర్చుంటాననీ అనుకునేదాన్ని. అలా వర్షాకాలం గడిచింది. క్రిస్మస్ కూడా గడిచింది.

క్రిస్మస్ తరువాత మా ఆడపడుచు రేష్మ రంభ నుంచి వచ్చింది. ఆమె భర్తకు అక్కడ చిన్న కిరాణా కొట్టు. వచ్చిన రోజు ఏమీ అనలేదు. మర్నాడు నేను బట్టలు ఆరేస్తుంటే మేడ మీదికి వచ్చింది.

"వదినా, మొగమాటపడకు. అమ్మని నాను తీసుకెల్లిపోతాను. మాకున్నవి రెండు గదులే, సర్దుకుంటాం."

"నేను పంపించేస్తానని అనలేదు రేష్మా."

"ఉండమనీ అనలేదు కదేటి."

రేష్మ నా చేతిలోంచి తడిబట్ట తీసుకుని తనే ఆరేసింది. నన్నెవరూ తప్పుపట్టరనీ, అన్న ఉన్నన్నాళ్లు నేను అత్తయ్యను బాగానే చూశాననీ, ఇప్పుడు నా మొహం చూస్తే తనకే భయమేస్తోందనీ నెమ్మదిగా చెప్పింది. కిందికి దిగేసరికి అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నన్నడగరేటి మీరిద్దరూ?" అంది. "నానేటి పార్సిలునా, రంభకి బుక్ సేసీడానికి?"

రేష్మ నవ్వబోయి ఆగిపోయింది. ముగ్గురికీ గుర్తొచ్చిన మనిషి ఒకడే. అత్తయ్యే మళ్లీ, "ఎల్తానులే. ఎప్పుడంటే అప్పుడు" అని లోపలికి వెళ్లింది. వచ్చే నెల మొదట్లో వస్తానని రేష్మ ఆ సాయంత్రం రైలెక్కింది. ఆ వారమే అత్తయ్య తన చీరలు మూట కట్టి మంచం కింద పెట్టుకుంది. మూట నా కంటపడింది. నిజం చెప్పాలంటే ఊపిరి తేలిగ్గా ఆడింది.

ఆ రోజుల్లోనే పాస్టరమ్మ నాకు స్త్రీల కూడికలో పాఠం చెప్పే వంతు వేసింది. విషయం క్రైస్తవ గుణాల్లో ఎదుగుదల. వద్దంటే ఆమె ఊరుకోలేదు. టీచరువి నువ్వు కాక ఎవరు చెబుతారంది. ఇంట్లో కూర్చుని ఆ వాక్యభాగం చదివాను. పేతురు రాసిన ఉత్తరంలోది. విశ్వాసంతో మొదలుపెట్టి, మన వంతు శ్రద్ధ పూర్తిగా చూపి, ఒక్కొక్క గుణాన్ని దానికి జతచేసుకుంటూ పొమ్మంటుంది ఆ భాగం. మధ్యలో నిగ్రహం, ఆ తరువాత సహనం వస్తాయి. ప్రేమ చిట్టచివర ఉంటుంది. చిన్నప్పటినుంచీ విన్నదే. ఇంతకుముందు ఎన్నడూ నన్ను ఆపలేదు. చివరిదాన్ని ముందే ఇచ్చేయమని నేను ఇన్నాళ్లూ దేవుణ్ణి అడుగుతున్నానని ఆ రోజు అనిపించింది. అనిపించిందంతే. దాంతో ఏం చేయాలో తెలియలేదు.

మాది తెలుగు బడి. పిల్లలు తక్కువ. ఒకటో తరగతిలో రింకి అని ఒక పిల్ల ఆలస్యంగా చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. అక్షరాలు ఏవీ రావు. ఇలాంటి పిల్లలకు నేను వెనక కూర్చుని, చేయి మీద చేయి వేసి పలక మీద దిద్దిస్తాను. ఇన్నేళ్లలో రెండు రకాల చేతులు చూశాను. కొందరు బలపం బిగించి పట్టుకుని, నేను ఎటు తిప్పినా తిరగరు. వాళ్లతో గీత వంకర పోతుంది. కొందరు చేయి పూర్తిగా వదిలేస్తారు. బలపం జారి కింద పడుతుంది. రింకి రెండో రకం. బలపం మూడుసార్లు పడిపోయాక నేను సరిగ్గా పట్టుకోమన్నాను. రింకి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసి, చాలా న్యాయంగా అడిగింది.

"నీకు ఒచ్చు కదా టీచరమ్మా. నువ్వే రాసీ."

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ప్రతిరోజూ నేను చేస్తున్న ప్రార్థన అది. నీకు వచ్చు కదా, నువ్వే తీసెయ్యి. పలక మీద ఆ పిల్ల చేయి ఎలా ఉందో నా మనసూ అలాగే ఉంది. ఇంకో సంగతి కూడా తోచింది. అది అంత సులభంగా మింగుడుపడలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆటో పిలవకుండా, దేవుడే చూసుకుంటాడని కాచుకున్న మనిషి మీద నాకు కోపం. ఆమె కొడుకు ప్రాణం విషయంలో ఏం చేసిందో, నా మనసు విషయంలో నేను అదే చేస్తున్నాను.

స్త్రీల కూడికలో ఈ రెండో సంగతి చెప్పలేదు. రింకి మాట చెప్పాను. అందరూ నవ్వారు. దేవుని చేయి మన చేతి మీద ఉంటుందనీ, అది లేకుండా మనం ఏమీ రాయలేమనీ, అయినా బలపం పట్టుకోవలసింది మనమేననీ చెప్పి కూర్చున్నాను. అత్తయ్య వెనక వరసలో ఉంది. నవ్వలేదు.

కూడిక అయ్యాక ఇద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం. మామూలుగా నేను నాలుగడుగులు ముందు నడిచేదాన్ని. లంజిపల్లి కూడలిలో ఆటోలు, స్కూటర్లు ఎటునుంచి ఎటు పోతాయో తెలియదు. అత్తయ్య రోడ్డు అంచున ఆగిపోయింది. నేను వెనక్కి వచ్చి ఆమె చేయి పట్టుకున్నాను. మనీష్ పోయాక ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. నా లోపల ఏమీ మారలేదు. ఎండిన కట్టెలా ఉంది ఆమె చేయి. వదిలేయాలనిపించింది. రోడ్డు దాటేదాకా వదల్లేదు.

ఆ రోజునుంచి ఒక పని పెట్టుకున్నాను. ప్రేమ గురించి ఆలోచించకుండా, చేయగలిగింది ఒకటి చేయడం. పొద్దున్న మాత్ర ఆమె అరచేతిలో పెట్టడం. ఆమె ముందు కూర్చుని అన్నం తినడం. ఆదివారం గుడికి వెళ్లేముందు ఆమె తలకు నూనె రాసి దువ్వడం. ప్రతిదానికీ ముందు దేవునితో ఒక మాట అనేదాన్ని: నాకు ఇష్టం లేదు, అయినా చేస్తున్నాను, నాతో ఉండు. కొన్నిసార్లు ఆ మాట కూడా పళ్లు బిగించే అనేదాన్ని. ఒక ఆదివారం దువ్వెన గట్టిగా లాగాను. కావాలనే లాగానేమో అని నాకే అనుమానం వచ్చింది. ఆ వారం బల్ల ఆదివారం, ప్రభువు జ్ఞాపకంగా సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. ఆ మనసుతో చేయి చాపలేక, రొట్టె తీసుకోకుండా కూర్చున్నాను.

అత్తయ్య నన్ను నమ్మలేదు. నేను తల దువ్వుతుంటే, "ఏటి, పంపించీడానికి ముందు మర్యాదలా?" అంది ఒకసారి. ఇంకోసారి నూనె ఎక్కువై చెంపల మీదికి కారితే, "ఓలమ్మ, పచ్చట్లోకి మావిడికాయ కలిపినట్టు కలిపేత్తన్నావు" అంది. నవ్వొచ్చింది. ఇద్దరం ఒకేసారి నవ్వు ఆపుకున్నాం.

చెప్పినట్టే రేష్మ వచ్చింది. పెద్ద సంచీ ఒకటి ఖాళీగా తెచ్చుకుంది. అత్తయ్య మూట తీసి గుమ్మం దగ్గర పెట్టి, కాళ్లు కడుక్కుని, చెప్పులు వేసుకుని కూర్చుంది. ఆ చెప్పులు మనీష్ కొన్నవి. నేను టీ ఇచ్చి, నిలబడే చెప్పాను, అత్తయ్య ఇక్కడే ఉంటుందని.

రేష్మ టీ గ్లాసు కింద పెట్టింది. "బాగా ఆలోసించుకున్నావా వదినా? తర్వాత నీకు కష్టమైతే?"

"ఇప్పుడూ కష్టమే. ఇష్టం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగితే ఎప్పటికీ రాదేమో. ముందు ఉండనీ."

ఇంతకంటే మంచి మాట చెప్పి ఉండవలసింది. అత్తయ్య అక్కడే ఉంది, అంతా వింది. కాని అబద్ధం చెప్పి ఉంచుకోదలచుకోలేదు. రేష్మ కళ్లు తుడుచుకుని, తెచ్చిన ఎండుచేపల పొట్లం నా చేతిలో పెట్టి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయింది. అత్తయ్య చెప్పులు విప్పకుండా అలాగే కూర్చుంది.

సాయంత్రం నేను వంటింట్లో ములక్కాడలు తరుగుతున్నాను. ఆమె వచ్చి పీట వాల్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఉండమన్నావు కాబట్టి సెప్తాను. సెప్పకుండా నీ సేతి అన్నం తినలేను."

నేను కత్తి ఆపాను.

"ఆడు ఆటో పిలమన్నాడమ్మా. పొద్దున్నే అన్నాడు. మల్లీ ఎండెక్కాక అన్నాడు. నానే ఆగమన్నాను. ఇంకాసేపు నాయినా, దేవుడు సూత్తన్నాడు అన్నాను. ఆడు నా మాట కాదనలేక ఊరుకున్నాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. సంతలో ధర చెప్పినట్టు చెబుతోంది. "నీకు ఫోన్ సేత్తానన్నాడు. నువ్వు బెదిరిపోతావని ఫోను నానే తీసి అలమరలో ఎట్టాను."

నేను ములక్కాడ ముక్కలు ఒక పక్కకు నెట్టాను.

"సస్మిత పిల్ల తలుపు కొట్టినప్పుడు కూడా నాను లెగలేదు. ఆడే లెగబోయాడు." పీట కాస్త నా వైపు జరుపుకుంది. "ఇన్నాళ్లూ నువ్వు అడుగుతావని సూశాను. తిడతావని సూశాను. నువ్వు అడగలేదు."

నేను స్టవ్ ఆపి మేడ మీదికి వెళ్లాను. ఆరేసిన బట్టలు ఇంకా తీయలేదు. స్టేషన్‌లో ఏదో బండి గురించి మూడు భాషల్లో చెబుతున్నారు. నేను కట్టుకున్న ఊహ పోయింది. మనీష్ తన ఇష్టంతో ఆ మంచం మీద ఉండిపోలేదు. బతకాలనుకున్నాడు. నాతో మాట్లాడాలనుకున్నాడు. నేను భంజనగర్‌లో, ఒక్క ఫోన్ చేస్తే అందేటంత దూరంలో, ఫోను బల్ల మీద పెట్టుకుని పిల్లలకు లెక్కలు నేర్పే కొత్త పద్ధతి రాసుకుంటున్నాను.

రేష్మకు ఫోన్ చేయాలనుకున్నాను. ఈపాటికి రంభ చేరే ఉంటుంది, మళ్లీ రమ్మంటే వస్తుంది. నంబరు తీశాను. నన్ను తప్పుపట్టేవాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు. సంఘంలో కూడా ఉండరు. పాస్టరుగారే స్వయంగా వచ్చి అత్తయ్యను రైలెక్కిస్తారు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ప్రార్థన అనదగ్గ మాటలు రాలేదు. కోపం తీసెయ్యమని అడగలేదు. అది ఇప్పుడు న్యాయమైన కోపం, ఇంతకుముందు కంటే ఎక్కువ న్యాయమైనది. చివరకు, "రేపు పొద్దున్న ఆమెకు మాత్ర ఇస్తాను. అంతకంటే నావల్ల కాదు" అని దేవునితో అన్నాను. జవాబేమీ వినబడలేదు. ఫోను ముడుచుకున్న చేతిలోనే ఉంది. దాన్ని ఆపేసి, బట్టలు తీసుకుని కిందికి దిగాను.

అత్తయ్య మూట మళ్లీ బిగించి కట్టుకుని, ముందుగదిలో చెప్పులతోనే కూర్చుని ఉంది. నేను మూట తీసుకుని ముడి విప్పాను. బిగుసుకుపోయి వెంటనే రాలేదు. చీరలు బీరువాలో ఒక్కొక్కటే సర్దాను. ఆమె చూస్తూనే ఉంది. వద్దని గాని, మంచిదని గాని అనలేదు.

ఆ సాయంత్రం కూడా ప్రార్థనకు కూర్చున్నాం. వాక్యం చదివాను. నా ప్రార్థన మొదలుపెట్టకుండానే పుస్తకం మూసేశాను. అప్పుడు అత్తయ్య, ఇన్ని నెలల తరువాత, పైకి "తండ్రీ" అంది. ఆ తరువాత మాట రాలేదు. మళ్లీ "తండ్రీ" అంది. ఆమె మొదలుపెట్టే వీధి, తిరిగి వచ్చే ఇళ్లు, ఏవీ రాలేదు. నేను కాచుకున్నాను. కాసేపటికి లేచి అన్నం వడ్డించాను. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. మర్నాడు పొద్దున్న మాత్ర ఆమె అరచేతిలో పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను.

ఇప్పుడు శ్రమదినాలు నడుస్తున్నాయి. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం వేయడం మా ఊళ్లో అలవాటు. మొన్న శనివారం ఇద్దరం వెళ్లి మనీష్ సమాధికి సున్నం వేశాం. అత్తయ్య బకెట్ పట్టుకుంది, నేను కుంచె పట్టుకున్నాను. పక్క సమాధి దగ్గర ఉన్నవాళ్లు మమ్మల్ని చూసి తల్లీకూతుళ్లా అని అడిగారు. అత్తయ్య, "కాదు, కోడలు" అని, నావైపు చూడకుండా, "నా దగ్గరే ఉంటాది" అంది. నిజానికి ఆమే నా దగ్గర ఉంటోంది. నేను దిద్దలేదు.

నాలో మార్పు వచ్చిందా అని పాస్టరమ్మ అడుగుతుంది. ఏం చెప్పాలో ఆలోచించి చెబుతాను. వీధిలో ఆటో ఆగిన చప్పుడైతే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె అలమర తెరిస్తే చూడలేను. కాని ఆ మంట ఆమె కంచం దాకా వెళ్లకుండా ఆపడం కొంత చేతనైంది. ఇది నావల్ల మాత్రమే అయ్యే పని కాదని తెలుసు. నేను కూర్చుని కాచుకుంటే అయ్యే పని కాదనీ తెలుసు. నిగ్రహం కొద్దిగా వచ్చింది. సహనం అక్కడక్కడ వస్తోంది. మిగిలినవి రాలేదు. అత్తయ్య ప్రార్థన ఇప్పుడు మా వీధి చివరి దాకా వెళ్తోంది, అక్కడినుంచి వెనక్కి వచ్చేస్తోంది. నా పేరు వచ్చేసరికి ఆమె ఆగుతుంది. ఆమె నన్ను ఏమీ అడగదు.

క్షమించాను అన్న మాట నేను ఇంకా ఆమెతో అనలేదు.